పుస్తకాలు ముట్టని రోజు

మాష్టారు పోయారన్న మాట నాకు బెంగాల్లోని మా రైల్వే ఊళ్లో, గోల్‌బజార్ చేపల దుకాణాల దగ్గర తెలిసింది. సరస్వతీ పూజ వెళ్లిన నాలుగో రోజు, ఆదివారం పొద్దున్న. ఎప్పుడూ నాకు చేపలు కోసిచ్చే దాదా కత్తిపీట మీంచి తలెత్తి, "దీదీ, మీ తెలుగు మాస్టర్‌మొషాయ్ వెళ్లిపోయారు, తెలీదా?" అన్నాడు బెంగాలీలో. తెల్లవారుజామున నిద్రలోనే అయిపోయిందట.

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఎనిమిదేళ్లుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఎప్పటికైనా మా గుమ్మంలోకి వచ్చి, "పాపా, తప్పు సేసినాను" అంటారని ఎదురుచూశాను. అప్పుడు నేనేమనాలో కూడా మనసులో ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాను. ఆ మాట అనకుండానే వెళ్లిపోయారు. అందుకని కోపం. చేపలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరినవాడు. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్సులో పుట్టాను, అక్కడే తెలుగు బడిలో చదివాను. నా చేత మొదటి అక్షరం దిద్దించింది మాష్టారే. మా వీధిలో నా ఈడు వాళ్లందరికీ ఆయనే.

బెంగాల్లో సరస్వతీ పూజ అంటే పసుపు చీరలు, మోదుగపూలు, గల్లీకో పందిరి. మనవాళ్లు వసంత పంచమి అంటారు. మా మాష్టారు రెండిటినీ కలిపేశారు. విగ్రహం బెంగాలీ కుమ్మరి చేసింది. అక్షరాభ్యాసం మన పద్ధతిలో. బడి వరండాలో వరుసగా బియ్యం పళ్లాలు, వాటి ముందు ఏడుపు మొహాలతో పసిపిల్లలు. ఒక్కొక్కళ్లనీ ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని, బియ్యంలో ఓంకారం, ఆ కింద అ, ఆ దిద్దించేవారు. అంతా అయ్యాక సుద్దముక్క పొడి నుదుటికి రాసుకోవడం ఆయన అలవాటు. విభూతిలా ఉండేది. అడిగితే, "నాకు తిండి పెట్టినది ఇదే గదమ్మా" అనేవారు.

ఒక ఏడు, పక్క వీధి క్రైస్తవుల ఇంటామె కొడుకుని ఎత్తుకుని గేటు బయటే నిలబడిపోయింది. రావచ్చో రాకూడదో తెలియక. మాష్టారు వరండా దిగి వెళ్లారు.

"అక్కడే నిలబడిపోనావేటమ్మా? గుంటడ్ని ఇటివ్వు."

"మేము ఓం రాయించకూడదండీ" అందామె తలొంచుకుని.

"అయితే మీ దేవుడి పేరే రాయిద్దాం. ఇబ్బందేటి?"

ఆ పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో 'యేసు' అని దిద్దించారు. తర్వాత అ, ఆ. ఆ వరుసలో నేనూ ఉన్నాను, పళ్లాల్లో బియ్యం సర్దుతూ. అంత నెమ్మదైన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

పూజ రోజు పుస్తకాలన్నీ అమ్మవారి పాదాల దగ్గర పెట్టేయాలి. మర్నాటి దాకా చదవకూడదు, రాయకూడదు. పిల్లలకు అదో సెలవు. ఆరో తరగతిలో ఉండగా నాకు అనుమానం వచ్చింది. "సదువుల తల్లి పండగనాడే సదవొద్దంటారేటి మాష్టారూ?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. నేను పెద్దదాన్నన్నట్టే జవాబు చెప్పారు.

"ఏడాదంతా పుస్తకం మన సెప్పుసేతల్లో ఉంటాది పాపా. మనం తెరిస్తే తెరుసుకుంటాది, మూస్తే మూసుకుంటాది. ఈ ఒక్కరోజూ మనం దాని ముందర సేతులు కట్టుకుని నిలబడాల. నాకొచ్చినది నాది కాదు, ఎవరో ఇచ్చినది, మళ్లీ ఎవరికో ఇచ్చీవలసినది అని ఒప్పుకోవాల. అదే పూజ. మిగతా పువ్వులూ పళ్లూ మన సరదా."

నేను టీచరుగా చేరడానికి కారణం ఈ మాటే. బీఈడీ చేసి, అదే బడిలో, ఆయన హెడ్‌మాష్టారుగా ఉండగానే తెలుగు టీచరుగా చేరాను. నా మొదటి రోజు క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నారు. బయటికొచ్చాక ఒక్కటే చెప్పారు: "బోర్డు మీద పెద్దగా రాయి. వెనకున్నోడు కూడా మనోడే." నాకు నలభై దాటాక కూడా పిల్లల ముందు 'పాపా' అనే పిలిచేవారు. పిల్లలు నవ్వేవారు. నాకు సిగ్గేసేది, బాగుండేది.

ఆయన రిటైరయ్యాక బడి కమిటీలో పెద్దగా ఉన్నారు. అప్పటికే తెలుగు సెక్షన్‌లో పిల్లలు తగ్గిపోతున్నారు. కమిటీ దాన్ని ఎత్తేసి, గదులన్నీ ఇంగ్లీషు మీడియానికి ఇచ్చేయాలనుకుంటోందని తెలిసింది. అమ్మానాన్నలు అడగడం లేదన్నది వాళ్ల వాదన. నేను సెలవు పెట్టి సైకిలు మీద వీధి వీధీ తిరిగాను. "మా పిల్లల్ని తెలుగులోనే వేస్తాం" అని ఇరవై ముగ్గురి చేత సంతకాలు పెట్టించాను. ఆ కాగితం మాష్టారి చేతే కమిటీకి ఇప్పించాలనుకున్నాను. ఆయన మాట కాదనేవాళ్లు ఊళ్లో లేరు.

ఆ వేళ సరస్వతీ పూజ. కాగితం ఆయన చేతిలో పెట్టబోతే, "ఇయ్యాల ముట్టుకోను పాపా. అమ్మ పాదాల కాడ పెట్టు. రేపు నానే పట్టుకెల్తాను" అన్నారు. పుస్తకాల మధ్య పెట్టి, దణ్ణం పెట్టుకుని, నిశ్చింతగా ఇంటికి వచ్చేశాను.

వారానికి ఉత్తర్వు వచ్చింది. తెలుగు సెక్షన్ కావాలని ఎవరూ కోరడం లేదని తేలినందువల్ల మూసివేస్తున్నాం. కింద కమిటీ వాళ్ల సంతకాలు. మొదటిది మాష్టారిది. గుండ్రటి తెలుగు అక్షరాల్లో, పొల్లు కూడా తప్పకుండా.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"నా కాగితం ఏటి సేసినారు మాష్టారూ?"

"ఇవ్వలేదు." ఇంకో కాయ ఈనె తీశారు. "మూడుసార్లు సదివినాను పాపా. అందులో నీ కొడుకు పేరు నేదు."

నా కొడుకు అప్పుడు మూడో తరగతి. ఇంకో బడిలో, ఇంగ్లీషు మీడియంలో.

"అది వేరే సంగతి" అన్నాను.

"వేరే ఎలా అవుతాది?" అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

లేచి వచ్చేశాను. ఆయన అన్నది నిజమే. కాదని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ మాట పూజ మర్నాడే నాతో అని ఉండాల్సింది. అని ఉంటే నా కొడుకు పేరు రాసేదాన్నేమో, రాయలేకపోయేదాన్నేమో. ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని. అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, రేపు పట్టుకెళ్తానని మాటిచ్చి, ఇంట్లో పెట్టేసుకున్నారు. ఇరవై మూడు కుటుంబాలకు నేను ముఖం చూపించుకోలేకపోయాను. మాష్టారు నాతో ఆడుకున్నారనే వాళ్లంతా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఉద్యోగం పోయింది. ఇప్పుడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్లకు పాసులు రాస్తాను. అక్కడ తెలుగుతో పని లేదు. మాష్టారు బజార్లో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. ఆయన పిలవలేదు. రెండుసార్లు ఆగి చూశారు, అంతే.

ఆదివారం ఆ ఇంటికి వెళ్లేసరికి వీధంతా జనం. మనవాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు. ఆయనకు కూతురొక్కతే. టాటానగర్ నుంచి పొద్దున్న బండికే వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాను. నన్ను చూడగానే వంటగదిలోకి తీసుకెళ్లింది.

"నీకు సెప్పొద్దన్నాడు సెల్లీ. ఇప్పుడు సెప్తన్నాను. ఒక్క గది పూజకీ అక్షరాభ్యాసానికీ ఎప్పటికీ వదిలేస్తామని మాటిచ్చినారు కమిటీ వోల్లు. సెక్షన్ ఎలాగూ నిలబడదు, పండగైనా నిలబెడదామని సంతకం పెట్టీసినాడు. మరుసటేడు బియ్యం పళ్లాలు పట్టుకుని ఎల్తే గదికి తాళం. లోపల కంప్యూటర్లు పెట్టీసినారు. వచ్చిన ఇద్దరు గుంటల్నీ మెట్ల మీదే కూకోబెట్టి దిద్దించినాడు. ఆ ఏటితో పూజ మానేసినాడు."

"నాతో అనొచ్చు గదక్కా."

"నిన్ను మోసం సేసి, తనూ మోసపోయినానని నీకే ఎలా సెప్తాడు?"

ఈ మాట విన్నాక నా కోపం తగ్గిందని రాయాలని ఉంది. తగ్గలేదు. పువ్వులూ పళ్లూ సరదా అని నాకు చెప్పిన మనిషే, చదువును ఇచ్చేసి పువ్వులకీ పళ్లకీ ఒక గది అడిగారు. అది నన్ను ఇంకా కాలుస్తూనే ఉంది. అయినా ఆ మెట్ల మీద బియ్యం పళ్లెంతో కూర్చున్న మనిషి, మూడు వీధుల అవతల తలుపు వేసుకున్న నేను, ఇద్దరూ ఒకేసారి కళ్లముందుకు వస్తున్నారు. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయగలుగుతున్నది ఆయన వల్లే. అది కూడా కాదనలేను.

తలకొరివి తనే పెడతానంది అక్క. ఆమెకు తోడుగా నేనూ నడిచాను. దారిలో రైల్వే గేటు పడింది. దింపుడు కళ్లం ఇక్కడే కానిచ్చేద్దామన్నారు పెద్దలు. పాడె దించారు. పోయినవాళ్ల చెవి దగ్గర అయినవాళ్లు మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని. అక్క వంగి "నాన్నా" అంది. మిగతా రెండుసార్లూ నన్ను పిలవమని నా చెయ్యి పట్టి కిందికి లాగింది.

మోకాళ్ల మీద కూర్చున్నాను. "మాష్టారూ" అన్నాను. ఎనిమిదేళ్ల తర్వాత. కోపంగానే వచ్చింది, పక్కవాళ్లు ఉలిక్కిపడి చూశారు. ఇంకొక్కసారి పిలవాలి. అంతలో గూడ్సు బండి వచ్చేసింది. బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి, నేల అదురుతోంది. పిలిచాను. నా గొంతు నాకే వినిపించలేదు. బండి గాలికి ఆయన మీద కప్పిన తెల్లబట్ట అంచు లేచి నా చెంపను తాకి పడింది. మళ్లీ లేచింది. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి.