తోలు ముక్క మీద మసి

పక్కనే కరెంటు పుట్టే ఊరు, మనింట్లో మాత్రం కరెంటు లేదు. నువ్వు ముట్టించిన ఆముదం దీపం వాసన నా ముక్కుకు తగిలింది బిడ్డా. అప్పుడే ఫోనులో ఆ బొమ్మ చూపించావు. వేల ఏళ్ల నాటి హీబ్రూ రాతలట, జంతువు తోలు మీద. ఆ నల్లసిరా ఏ మసితో చేశారో తెలుసుకోవడానికి రవ్వంత పొడి తీసి పరీక్షలు చేస్తున్నారని చదివావు. ఒంట్లో ఓపిక లేదు గానీ, రూతమ్మక్క గుర్తొచ్చాక నోరు ఆగేలా లేదు. రాసుకో.

గోదావరిఖనిలో రూతమ్మక్కది మా పక్క క్వార్టర్. కోస్తా వైపు నుంచి వచ్చారు. ఆమె తండ్రి పాస్టరు. ఆమె భర్త యోహాను గారూ మీ తాతా ఒకే బొగ్గుగనిలో, ఒకే షిఫ్టు. అందరివీ ఒకే కొట్టులో కొన్న అన్నం డబ్బాలే కాబట్టి భూమి లోపల మారిపోయేవి. ఒకరోజు మీ తాత డబ్బా ఠప్పున కింద పెట్టాడు.

"నీ వంకాయ ఎవడో తిన్నడు. నాకు ఎండుచేపలు వచ్చినయ్."

"మంచిగ లేవా?"

"మంచిగనే ఉన్నయ్. గదే కోపం."

గోడ అవతల అక్క నవ్వింది. "ఆ చేపలు మావే రాజవ్వా! రేపు రా, డబ్బా మీదకి పేరు రాయడం నేర్పుతాను."

అప్పటికి నాకు అక్షరం రాదు. పైగా మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ భయపెట్టింది. "మరి రాస్తే ఏం గాదా అక్కా?" అని అడిగాను. "నోటితోనేగా వద్దంది మీ అమ్మ! చేతిని ఏమీ అనలేదుగా," అంది.

డప్పులు కట్టేవాళ్ల దగ్గర మిగిలిన మేకతోలు ముక్కలు తెచ్చేది. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టి, తుమ్మబంక నీళ్లతో నూరేది. రాసింది ఆరాక, తడికి చెదరకుండా పైన కొవ్వొత్తి రుద్దేది. పూర్వం హీబ్రూ వాళ్లు కూడా తోలు మీద మసితోనే రాశారని వాళ్ల నాన్న చెప్పేవాడట. ఎంత విసుగు పనో! పూటంతా కూర్చుంటే చిటికెడు మసి.

"ఊరంత బొగ్గే ఉండె. దీపం ముంగట గీ తపస్సు ఏంది అక్కా?" అని నేను బొగ్గే నూరి, అక్క నేర్పినట్టు తోలు మీద పేరు రాసి, మీ తాత డబ్బాకు కట్టాను.

"ఆరాక బొటనవేలితో రుద్ది చూడు," అందంతే. చంటిపిల్లతో నాకెక్కడ తీరింది?

ఆ వానాకాలం గనిలో పైకప్పు కూలింది. ఆడవాళ్లమంతా గని దగ్గరికి పరిగెత్తాం. లోపల దొరికిన డబ్బాలు ముందుగా పైకి తెచ్చారు. యోహాను గారి పేరు తడిలోనూ నల్లగా కనిపిస్తోంది. మా డబ్బాను సొట్టను బట్టి పోల్చుకున్నాను. తోలు మీద మాత్రం ఒట్టి మరక.

"ఎవ్వలది అవ్వా గిది? పేరు చెప్పు, లోపటికి ఫోన్ చెయ్యాలె, జల్ది!" అన్నాడు అక్కడి మనిషి.

నోరు తెరిచాను. మామూలు రోజే పలకని పేరు, ఆ రోజు ఎలా పలకను?

తన డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అక్క తల ఎత్తింది. మీ తాత పేరు గట్టిగా చెప్పింది. ఆ పేరు నేనిప్పటికీ పలకను, అక్కడ ఖాళీ వదులు బిడ్డా. "ఈ పిల్ల భర్త. ముందు ఆయన సంగతి అడగండి," అంది.

మీ తాత వేరే దారిన పైకొచ్చాడు. యోహాను గారు రాలేదు.

చాలా రోజులు అక్క తలుపు తీయలేదు. నేను గడప దగ్గర కూర్చుని లేచి వచ్చేదాన్ని. ఒక పొద్దున తనే మూకుడు పట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"దీపం వెలిగించు రాజవ్వా. మీ డబ్బాకి పేరు లేదు."

మసి పట్టేదాకా ఇద్దరం దాని ముందే కూర్చున్నాం.

తర్వాత ఆమె కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. యోహాను గారి తోలు ముక్క కొంగున కట్టుకునే బస్సెక్కింది. నేను ఆ రోజు రాసింది మీ తాత రిటైరయ్యేదాకా డబ్బాకే ఉంది. ఆయన పోయాక నా తాళంచెవులకు కట్టుకున్నాను.

ఆ ఖాళీ అలాగే ఉందా? ఇదిగో, ఈ తోలు ముక్క చూసి నువ్వే నింపు. ముందు బొటనవేలితో రుద్ది చూడు.