ముందు పలికిన డిస్కు

సర్వర్ ఆన్ చేయగానే ఫ్యాన్లు ఒక్కసారిగా గుర్రుమంటాయి. ఆ హోరు సద్దుమణిగి, నల్లటి తెర మీద డిస్కుల పేర్లు ఒక్కొక్కటే పడుతున్నప్పుడు నాకు ఇప్పటికీ సుగుణక్క గొంతు వినిపిస్తుంది. దాని వెనకే, పిలవని పేరంటానికి వచ్చినట్టు, ప్రభాకర్ మీద అసూయ.

జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ల గదికి సుగుణక్క పెద్ద. తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ ప్రభాకరూ ఒకే రోజు ఆమె కింద చేరాం. ఆమె మమ్మల్ని పేర్లతో పిలిచేది కాదు. పొద్దున ఎవరు ముందు గదిలో అడుగుపెడితే ఆ రోజుకు వాడు పెద్దోడు, రెండోవాడు చిన్నోడు. ప్రభాకర్ ఇల్లు జడ్చర్లలోనే. నేను మహబూబ్‌నగర్ నుంచి మొదటి బస్సెక్కినా రెండోవాణ్ణే. "పెద్దోడా, గా డిస్కు నువ్వు బిగియ్. చిన్నోడా, జర చాయ్ చెప్పి రాపో" అనేది. ఏసీ గదిలో కడుపుమంటతో చలి కాచుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ ఏడాది అక్క రిటైరవుతోంది. గది తాళం, దాంతోపాటు పెత్తనం, మా ఇద్దరిలో ఎవరికిస్తుందన్నదే నా ధ్యాస.

ఒకరోజు ప్రభాకర్ కొత్త డిస్కు బిగించి మిషన్ ఆన్ చేస్తే అది సగంలో ఆగిపోయింది. మందుల లెక్కలన్నీ పోయాయనుకుని వాడి ముఖం సున్నం కొట్టినట్టయింది. నాకు లోపల పండగ. తిట్లు బాగా వినబడాలని కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ కూర్చున్నాను. అక్క తిట్టలేదు. వాడి పక్కన స్టూలు వేసుకుంది.

"ఏం పోలే బిడ్డా, ఫికర్ చెయ్యకు. మిషన్ లేవంగనే డిస్కులను పిలుస్తది. ముందు పలికినదానికి మొదటి పేరు పెడ్తది. ఇయ్యాల కొత్తది ముందు పలికింది. నువ్వేమో లెక్కలు మొదటి పేరుదాంట్ల ఉన్నయని మిషన్ల రాసినవ్. మిషన్ పోయి గా ఖాళీ డిస్కులో లెక్కలు దేవులాడుతాంది."

"మరెట్లక్కా?"

"ప్రతి డిస్కుకు లోపల పొడుగాటి సొంత గుర్తు ఉంటది. వరుస మారినా అది మారదు. పేరు ఇడిసిపెట్టి, గా గుర్తు రాయి."

వాడు రాశాడు. మిషన్ లేచింది. అక్క చెయ్యి ఇంకా వాడి భుజం మీదే ఉంది. మనుషులు ఎదుటివాడి గెలుపు చూసి కుళ్ళుకుంటారు. నేను వాడి తప్పును చూసి కుళ్ళుకున్నాను. అది నేను చేసి ఉంటే ఎంత బాగుండేది!

రిటైరై పోయే రోజు అక్క తాళం ప్రభాకర్ చేతిలోనే పెట్టింది. నేను శుభ్రంగా ఉన్న టేబులునే మళ్ళీ తుడుస్తున్నాను.

"ఏమయ్యా గుండెబోయిన లక్ష్మీనర్సింహ యాదగిరీ, మొకం గట్ల మాడ్చుకున్నవేంది?"

యాదగిరిగుట్ట దేవుడికి మొక్కుకుని మా అవ్వ పెట్టిన పేరది. బస్‌పాస్ మీద కూడా పూర్తిగా పట్టలేదు.

"నా పేరు యాదికున్నదా అక్కా నీకు?"

"ఎందుకుండదు? పెద్దోడు, చిన్నోడు అనేటియి పొద్దుమూకెదాక ఉండే పేర్లు. తాళమంటవా, ఒకసారి పడ్డోడు మల్ల చూసుకుంట నడుస్తడు. నువ్వింకా పడలే."

తరవాత చాలాసార్లు పడ్డాను. ఇప్పుడు ఏ మిషన్ ముందు కూర్చున్నా వరుసను నమ్మను, ఆ పొడుగాటి గుర్తే రాస్తాను. ప్రభాకర్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. అక్క నిన్ను కూడా ఎప్పుడైనా ఇంటిపేరుతో సహా పిలిచిందా అన్న ప్రశ్న నోటిదాకా వస్తుంది. అడగను. పిలిచిందంటే, ఆ ఒక్క పిలుపూ నాది కాకుండా పోతుంది.