స్టీము వదలడం

ధనకోటి ఇరవై రెండేళ్లుగా రైలింజన్లో బొగ్గు వేస్తున్నాడు. ఫైర్‌మన్ ఉద్యోగం. ఎప్పటికైనా డ్రైవరు కావాలన్నదొక్కటే అతని ఆశ. 1957లో పరీక్షకు పేరు కూడా పంపారు. ఇంట్లో భార్య వరదమ్మ అప్పుడే తాను డ్రైవరు పెళ్లాన్నైపోయాననుకుంది, పాపం.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అతని ప్యాసింజరు బండి తిరుత్తణిలో ఆగింది. డ్రైవరు దామోదరం కిందికి దిగి, తడి బొగ్గు అంటగట్టారని ప్లాట్‌ఫారం మీదున్న రైల్వే ఇన్‌స్పెక్టరు మీద విరుచుకుపడ్డాడు. దామోదరం నోటి సంగతి అరక్కోణం దాకా తెలుసు. ఇన్‌స్పెక్టరు నవ్వేసి, పక్కనున్న స్టేషన్ మాస్టరుతో "లెట్ హిమ్ లెట్ ఆఫ్ స్టీమ్" అన్నాడు.

ధనకోటికి ఇంగ్లీషు రాదు. ఇంజన్ల షెడ్డులో రోజూ వినే ముక్కలు నాలుగు వచ్చు, వాటిలో 'లెట్ ఆఫ్ స్టీమ్' ఒకటి, ఆవిరి వదలమని. పెద్దాయన చెప్పాక ఎందుకని అడిగే అలవాటు ముందే లేదు. ఆవిరి వదిలే కాక్ తిప్పేశాడు. ఆవిరంతా బుస్సుమని పోయింది. మళ్లీ కూడేదాకా, నలభై నిమిషాలు, బండి అక్కడే పడి ఉంది.

విచారణకు పిలిచారు.

"ఎందుకు వదిలితివి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీరే కదయ్యా చెప్తిరి."

గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఇన్‌స్పెక్టరు కళ్లు తుడుచుకుంటూ అర్థం చెప్పాడు. ఆవిరి మితిమీరితే ఇంజను మీది వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, లేకపోతే బాయిలరు పగులుతుంది. అది చూసే ఇంగ్లీషువాళ్లు, కడుపులో కోపం కక్కెయ్యడాన్ని స్టీము వదలడమన్నారట.

"నేను చెప్పింది దామోదరం కోపం గురించయ్యా!"

నవ్వడం అయ్యాక పరీక్ష జాబితాలో ధనకోటి పేరు కొట్టేశారు. మళ్లీ పంపేది లేదన్నారు. ఏమన్నా చెప్పుకుంటావా అని అడిగితే, "ఏంలేదయ్యా" అన్నాడు. నోరు పారేసుకున్నవాడికి ఏమీ కాలేదు, నోరెత్తనివాడి బతుకు మసైంది. ఇదేం న్యాయమో!

"ఒక్క మాటైనా అనలేదా?" అంది, ఇంటికొచ్చాక సంగతంతా విన్న వరదమ్మ.

"ఒళ్లంతా అలుపుగా ఉండాది. నీళ్లు తోడు."

మర్నాడు మళ్లీ అదే పార, అదే పొయ్యి. తిరువళ్లూరు దగ్గర సిగ్నల్ లేక బండి నిలిచిపోయింది. కాసేపటికి నెత్తిమీద వాల్వు చెవులు పగిలేలా కూసింది. ఆ హోరులో ధనకోటి పార పట్టుకునే, ఇన్నేళ్లూ మింగినదంతా గొంతు చించుకుని అరిచాడు. పక్కనున్న దామోదరానికి పెదాలాడటం తప్ప ఏమీ తెలియలేదు.

వాల్వు మూసుకుంది.

"ఏమో అంటివే?" అన్నాడు దామోదరం.

"ఏంలేదు మామా," అన్నాడు ధనకోటి. "బొగ్గు తడిగా ఉండాది."