అన్నయ్య బండి చప్పుడు

గడ్డి కోసే బండ్ల మెకానిక్ ఏ ఇంజన్నూ చచ్చిపోయిందనడు, అలిసిపోయిందంటాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. చనిపోయిన తన అన్నయ్య బండికి ఆ అవసరమే లేదు. దాని దగ్గు వీధి చివరికే వినిపించేది. మెకానిక్ వాళ్లింటికి వెళ్లి దానితో పెరట్లో గడ్డి కోసినప్పుడల్లా ఆ దగ్గు విని వదిన మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేది. ఈసారి పిస్టన్ కదలకుండా పట్టేసింది. పాత ఇంజను దించి, తుక్కువాడికిచ్చేసి, కొత్తది బిగించాడు. పెరడంతా కోసినా గుమ్మంలోకి ఎవరూ రాలేదు. చేతులు తుడుచుకుంటూ తనే వంటింట్లోకి వెళ్లాడు.

"నువ్వా అబ్బాయ్? మీ అన్నయ్య బండిలా లేదుగా, పక్కింటివాళ్లు కోసుకుంటున్నారనుకున్నా," అంటూ వదిన నీళ్లందించింది. ఇంజను మార్చానని అతను చెబితే, "ఆ పాతది ఉంచావా?" అనడిగింది.

గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అతను దాన్ని పెదాల మీంచి దించలేదు.