ఎత్తి పోసుకున్న మాతే

ఆర్జెంటీనాలో దిగిన మూడో రోజే బస్సెడు జనంచేత చప్పట్లు కొట్టించుకున్న కోయంబత్తూరు తెలుగువాణ్ణి నేను. వీపున సంచులు తగిలించుకుని దేశం తిరుగుదామన్నదీ నేనే. నా భార్య సరోజకు మాత్రం రెండు రోజులకే చాలనిపించింది. "రేపే ఊరికి పోదాము" అని కిటికీవైపు తిరిగి కూర్చుంది.

పక్క సీటు ముసలావిడ మాతే అనే ఆకుల కషాయాన్ని చిన్న సొరకాయ బుర్రలో కలిపి, ఇనుప గొట్టంతో తాను పీల్చి, మళ్ళీ నింపి అదే గొట్టంతో నాకు అందించింది. అక్కడ అది ఆదరణ. మా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలైనా ఒకరి గ్లాసు ఇంకొకరు కరుచుకుని తాగరు, ఎత్తి నోట్లో పోసుకుంటారు. వద్దన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఆయమ్మ ప్రేమగా ఇస్తావుంటే వద్దంటారా? సుమ్మా, ఊరికే తాగండి" అంది సరోజ.

సరేనని సొరకాయ బుర్ర పైకెత్తి, నోరు తెరిచి వంచాను. తడి ఆకులన్నీ మొహాన పడ్డాయి. చప్పట్లు అన్నాను కదా, అవి నవ్వులు. అందరికన్నా గట్టిగా నవ్వింది సరోజ. ముసలావిడ నా గడ్డం తుడిచి, మళ్ళీ కలిపి ఇచ్చింది. ఈసారి ధైర్యంగా గొట్టం నోట పెట్టుకున్నాను. ఆ తర్వాత ఇరవై రోజులు తిరిగాము.

ఇంతవరకు రాసి సరోజకు చదివి వినిపించాను.

"ధైర్యమంట! ముందర తాగింది నేను. నేను తాగి ఇచ్చినాకనే మీరు నోట పెట్టుకుంటిరి. పెండ్లయిన నలభై ఏండ్లకు నా ఎంగిలి మీరు తాగింది ఆ పొద్దే. దానికే నేను ఊరికి పోదామనేది విడిచిపెడితిని. అది రాయండి."