సువర్చలమ్మ గారు ఎక్కిన కొండ

మొన్న రేపల్లె బస్టాండు దగ్గర రోడ్డు దాటబోతుంటే ఐసు దిమ్మల లారీ ఒకటి నా పక్కనుంచి వెళ్ళింది. చేపల కోసం నిజాంపట్నం రేవుకు పోయే లారీ. వెనక తలుపు సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో అది దాటిపోయినంతసేపూ మొహానికి చల్లటి ఆవిరి తగిలింది, దానితోపాటే తడిసిన ఊక వాసన. రోడ్డు మధ్యలో అలాగే ఆగిపోయాను. "ఏంటి తాతా, ఇవాళే పోదామనా?" అని ఆటోవాడు అరిచాడు. వాడికేం తెలుసు. నాకు ఆ చల్లదనంలో సువర్చలమ్మ గారు కనిపించారు, ఐసు దిమ్మ మీద అరచెయ్యి ఆనించి నిలబడి.

ఆవిడని ఎరిగినవాళ్ళు మా తెనాలిలో ఇప్పుడు పెద్దగా మిగల్లేదు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి. నాది మైకుసెట్ల దుకాణం. పెళ్ళిళ్ళకీ సభలకీ బాక్సులు అద్దెకిచ్చేవాణ్ణి, రిక్షాలో కూర్చుని ఊరంతా ప్రచారం చేసేవాణ్ణి. బడి చదువు అయిదో తరగతితో సరి. ఆ పైన నాకు అబ్బిందంతా ప్రచారానికిచ్చిన కరపత్రాల్లోంచీ, పొట్లాలు కట్టిన కాగితాల్లోంచీ, పెద్దలు ఉపన్యాసాలిస్తుంటే ఆంప్లిఫయరు పక్కన కూర్చుని విన్న మాటల్లోంచీ వచ్చిందే. ఎనభైల మధ్యలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒక జంట అద్దెకు దిగారు. లక్ష్మీపతిరావు గారు, సువర్చలమ్మ గారు. ఆఫ్రికాలో టాంజానియా అనే దేశంలో చాలా ఏళ్ళు బడిపంతుళ్ళుగా పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు. ఆయన లెక్కలు చెప్పేవారు, ఆవిడ భూగోళం. ఇక్కడికొచ్చాక ఆయన బాపట్లలో ఒక కాలేజీలో చేరి రోజూ రైల్లో వెళ్ళొచ్చేవారు. ఆవిడని మాత్రం ఏ బడీ పిలవలేదు. ఆఫ్రికాలో చెప్పిన చదువు ఇక్కడ చదువు కాదన్నారట.

ఒకరోజు దుకాణం ముందు కొత్త మైకు పరీక్షిస్తూ గొంతు చించుకుంటున్నాను. ఆవిడ కూరల సంచీతో వచ్చి నిలబడ్డారు.

"ఏంటి తమ్ముడూ, ఎవరి మీద కోపం?"

"కోపమేంటండి, ప్రచారమండి."

"అరవడానికి ఆ పెట్టె ఉందిగా? నువ్వెందుకు అరవడం? నువ్వు మాట్లాడు, అది అరుస్తుంది."

అప్పటిదాకా నాకు ఆ ఇంగితం చెప్పినవాడు లేడు. ఆనాటినుంచి గొంతు దించాను. జనం చెవులు మూసుకోవడం మానేసి ఆగి వినడం మొదలుపెట్టారు. మరోసారి భట్టిప్రోలు దగ్గర కాలవ గట్టు తెగిందని దుకాణంలో అందరికీ చెబుతుంటే ఆవిడ విన్నారు. భట్టిప్రోలు ఆవిడ పుట్టిల్లు. "నువ్వు చూశావా?" అన్నారు. "ఊరంతా అంటున్నారండి" అన్నాను. "అయితే అంటున్నారని చెప్పు. చూసింది చూసినట్టు చెప్పు, విన్నది విన్నట్టు చెప్పు. మైకు చేతిలో ఉన్నవాడికి అదొక్కటే చదువు." ఆ సాయంత్రానికి గట్టు తెగలేదని తేలింది. బళ్ళో అయిదేళ్ళలో నాకు దొరకనిది ఆ ఒక్క మాటలో దొరికింది.

మా ఆవిడ రత్తమ్మకు షుగరొచ్చి డాక్టరు నడవమన్నాడు. ఆడమనిషి ఒక్కతే కాలవ గట్టు మీద ఎలా నడుస్తుందని నేనూ బయలుదేరాను. సువర్చలమ్మ గారు అప్పటికే రోజూ పొద్దున్నే అంగలకుదురు వైపు నడిచేవారు. ముగ్గురం కలిశాం. ఆవిడ నడక మహా నిదానం. రెండోరోజే రత్తమ్మ ఉండబట్టలేక అనేసింది.

"ఇదేం నడకండి టీచరుగారూ, పెళ్ళికూతుర్ని పీటల మీదకి తీసుకెళ్తున్నట్టు?"

"కొండమీద నడక ఇంతే రత్తమ్మా. మాట్లాడుతూ నడవగలిగితేనే నడక. ఊపిరందక మాట ఆగిందంటే కాలు కూడా ఆగాలి."

"ఏ కొండండి? మంగళగిరా?"

ఆవిడ నవ్వారు. అలా బయటపడింది కిలిమంజారో పేరు. ఆఫ్రికాలోకెల్లా ఎత్తైన కొండ. అది ఎక్కడానికి దారులు నాలుగైదున్నాయి, వాటిలో కష్టమైనదీ అందమైనదీ ఒకటుంది, ఆ దారినే వారంపాటు నడిచామని చెప్పారు. మాకు ఆ కొండని చూపించిన తీరు నేను మరిచిపోలేను. పిడికెడు మిట్ట లేని మా నేల మీద, కాలవ గట్టు పొడవునా ఆ దారిని పరిచేశారు. మా వీధి చివరినుంచి లాకుల దాకా అడవి. "ఇక్కడ ఎండ పడదు. కొమ్మలకి నాచు ముసలాళ్ళ గడ్డాల్లా వేలాడుతుంది. కింద ఒకటే బురద. తెల్లవాళ్ళు జారి పడుతుంటే నేను మాత్రం బూట్లలోనే కాలివేళ్ళు బిగించి పోయాను. వరిచేల గట్ల మీద పెరిగినదాన్ని, నాకా బురద నేర్పేది?" లాకులు దాటాక చెట్లు పొట్టివైపోయేవి. తర్వాత చెట్లే ఉండవు. నల్లరాళ్ళ బయలు, కిందికి చూస్తే దూదేకినట్టు మేఘాలు. ఆ బయలు అవతల ఒక లోయ, అందులో తాటిమొద్దుకి క్యాబేజీ గుచ్చినట్టు వింత చెట్లు. రైసుమిల్లు గోడ దగ్గరికి రాగానే ఆగి దానిమీద చెయ్యి వేసేవారు. "ఇలాంటి రాతిగోడ, ఇంతకు ఎన్నో రెట్లు. చేతులతో పాకి ఎక్కాలి. ఒకచోట రాతిని కౌగిలించుకుంటే గానీ దాటలేం."

"చీరతోనే కౌగిలించుకున్నారా?" అంది రత్తమ్మ.

"చీరేంటే! ఆయన ప్యాంటు. నడుముకు తాడు బిగించి."

రత్తమ్మ గట్టు మీద కూలబడి నవ్వింది. "ఈ మాట మా ఆడపడుచుల చెవిన పడిందో, నిన్నూ నీ మొగుణ్ణీ కూడా వదలను" అని ఆవిడ బెదిరించారు. అంగలకుదురు మొదటి ఇల్లు కనబడగానే ఆగిపోయేవారు. "ఇది ఆఖరి మకాం. ఇక్కణ్ణుంచి పైకి నేనొక్కదాన్నే" అని వెనక్కి తిరిగేవారు. ఆ పై సంగతి ఎన్నాళ్ళు అడిగినా చెప్పలేదు.

అది రేపల్లెలో చెప్పారు. రత్తమ్మ చెల్లెలి ఇంట్లో శుభకార్యానికి ముగ్గురం వెళ్ళాం. దారిలో ఐసు ఫ్యాక్టరీ కనబడితే ఆవిడ చిన్నపిల్లలా లోపలికి పోదామన్నారు. ఊక తుడిచిన దిమ్మ మీద అరచెయ్యి ఆనించి, తియ్యరే! చెయ్యి ఎర్రబడిపోతోంది. అలాగే నిలబడి చెప్పారు. ఆఖరి మకాం పేరు బరాఫు, అంటే మన ఉర్దూ బరఫ్ లాగే అక్కడి భాషలో కూడా మంచుగడ్డే. అక్కడికి చేరేసరికి లక్ష్మీపతిరావు గారికి తల పగిలిపోతోంది, వాంతులు, మాట తడబడుతోంది. దిగకపోతే ప్రాణానికే ముప్పన్నాడట దారి చూపించేవాడు. ఆవిడ కూడా దిగిపోతానన్నారు. ఆయన ఒప్పుకోలేదు. తన ఉన్ని చొక్కా, చేతి తొడుగులు విప్పి ఆవిడకి తొడిగారు. "ఇన్నేళ్ళు పిల్లలకి దీన్ని బోర్డు మీద గీసి చెప్పావు. పోయి చూసిరా" అని, ఒట్టిచేతులు చంకల్లో దోపుకుని కిందికి దిగారట.

"పైన తెల్లవారింది తమ్ముడూ. ఒకవైపు ఈ దిమ్మలాంటిదే మంచుగోడ, మన స్టేషనంత పొడుగు, నీలంగా. రెండోవైపు మేఘాల మీద కొండ నీడ పడింది. మూడు కోణాలుగా, గీత గీసినట్టు, మన తాలూకా అంత నీడ. ఆ నీడ కొసన ఎక్కడో నా నీడ కూడా ఉండుంటుంది కదా అనుకున్నాను."

రత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టి దిమ్మ మీంచి తీసి తన కొంగుతో తుడిచింది.

ఇక ఊరి సంగతి. ఎవరో క్లబ్బు పెద్దమనిషి లక్ష్మీపతిరావు గారిని "ఆఫ్రికాలో పెద్ద కొండ ఎక్కొచ్చారటగా మాస్టారూ" అన్నాడట. ఆయన నవ్వి ఊరుకున్నారట. ఇది విన్న మాటే, నేను చూడలేదు. తర్వాతవి చూశాను. ఒక బడిలో పిల్లలకి కొండ సంగతి చెప్పమన్నారు, ఆయన చెప్పారు. ఇంకో సభకు పిలిచారు, వెళ్ళారు. చివరికి బాపట్లలో సన్మానం. "శిఖరధీర" అని బిరుదు. మైకుసెట్టు నాదే. ముందురోజు ఆవిడ దగ్గరికి పరుగెత్తాను.

"ఏంటండి ఇది? మీరు నోరు విప్పరా?"

"ఆయన సంతోషపడుతున్నారు, పోనీలే తమ్ముడూ."

"చూసింది చూసినట్టు చెప్పమన్నది మీరు కాదూ?"

"నేనేమీ చెప్పట్లేదుగా? చెప్పకపోవడం అబద్ధం కాదు."

మన సన్మానాలు ఎలా జరుగుతాయో తెలిసిందే. దంపతుల్ని పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆయనకు శాలువా, దండ, బిరుదు. ఆవిడకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ, రెండు అరటిపళ్ళు. కొండ ఎక్కిన కాళ్ళకు పసుపు రాశారు. నేను ఆంప్లిఫయరు దగ్గర పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆయన లేచి మాట్లాడారు. అడవి చెప్పారు, రాతిగోడ చెప్పారు. అవి ఆయనా నడిచినవే, ఓర్చుకున్నాను. తర్వాత పైన తెల్లవారిందన్నారు. మన తాలూకా అంత నీడ అన్నారు. "ఆ నీడ కొసన ఎక్కడో నా నీడ కూడా..." అన్నారు.

ఇక కూర్చోలేకపోయాను. పరీక్షించే మైకు చేతిలోనే ఉంది. "అయ్యా, అది ఆయన నీడ కాదండి. కొండ కొసకు ఎక్కింది ఆవిడ. ఆయన ఆఖరి మకాం నుంచే దిగిపోయారండి" అన్నాను. అరవలేదు. ఆవిడ నేర్పిన గొంతుతోనే అన్నాను. పెట్టెలు అరిచాయి.

హాలంతా గోల. "మైకువాడికి మాటలేంట్రా?" అని ముందు వరసలో ఒకాయన లేచాడు. కార్యదర్శి తడబడి మైకు పట్టుకుని ఆవిడ దగ్గరికే వెళ్ళాడు. "ఏమ్మా, ఇతను చెప్పేది నిజమేనా?" ఆవిడ భర్తవైపు చూశారు. ఆయన తల వంచుకుని శాలువా అంచు చూసుకుంటున్నారు. ఒక్క మాట అనుంటే సరిపోయేది, అనలేదు. ఆవిడ మైకు అందుకున్నారు.

"లేదండి. మధ్యలో దిగిపోయింది నేనే. తమ్ముడు పొరపాటుగా విన్నట్టున్నాడు."

నా పెట్టెల్లోంచి, నేనే సరిచేసిన గొంతులో ఆ మాట బయట రోడ్డు దాకా వినిపించింది. జనం చప్పట్లు కొట్టారు.

నాలుగు రోజులు ఆవిడ గట్టు మీదకి రాలేదు. వెళ్ళాను. వసారాలో గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు.

"ఎందుకండి అలా అన్నారు?"

"ఆ చలిలో ఆయన తన చేతుల మీది తొడుగులు తీసి నాకిచ్చారు. అది చెప్పావా నువ్వు మైకులో?"

ఆవిడ ఇంకో చిక్కుడు అందుకుని తుంచారు.

"నేను ఊరుకున్నన్నాళ్ళూ ఆ కొండ నాదగ్గరే ఉంది తమ్ముడూ. ఎవరెన్ని శాలువాలు కప్పుకున్నా నాదగ్గరే ఉంది. మొన్న నా నోటితోనే కాదనాల్సొచ్చింది." కోపం లేదు ఆ గొంతులో. కోప్పడినా బాగుండేది. "మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఇక నడకకు రాలేను. రత్తమ్మకి చెప్పు."

నేను చేసింది తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "అమ్మా, మీరెక్కడిదాకా వెళ్ళారు?" అని ముందుగా ఆవిణ్ణి అడిగాడా? మొగుడూ పెళ్ళాం కలిసి కొండకు పోతే కొస చూసింది మొగుడే అయ్యుండాలని ఎవరు తేల్చారు? నన్ను తిడతారు, వాళ్ళనెవరూ తిట్టరు. కానీ ఒకటి నిజం. అబద్ధమంటే గిట్టని మనిషి చేత, ఆవిడ జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిజాన్ని కాదనిపించింది ఆ రోజు. నేను లేవకపోతే ఆవిడ ఆ మాట అనకుండానే వెళ్ళిపోయేవారు. ఇది నన్ను కొరుకుతూనే ఉంటుంది.

ఆ తర్వాత ఆయన కూడా ఏ సభకూ వెళ్ళలేదు. ఆ ఇంట్లో కొండ మాట ఎవరూ ఎత్తలేదు. తొంభైలు ముగిసేలోపే ఆవిడ గుండెజబ్బుతో పోయారు. సంస్మరణ సభ మా వీధిలోనే, కుర్చీలు, మైకు నావే. నలుగురూ నాలుగు మంచిమాటలు చెప్పాక లక్ష్మీపతిరావు గారు లేచారు. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. మైకు అందుకున్నారు. "ఆవిడ బాగా నడిచేదండి" అన్నారు. కూర్చున్నారు.

జనం వెళ్ళిపోయాక నేను తీగలు చుడుతున్నాను. ఆయన వచ్చి పక్కన కుర్చీలో కూలబడ్డారు.

"కోటేశ్వరరావూ, ఆ రోజు నువ్వన్నప్పుడు నేను అవునంటే సరిపోయేది కదయ్యా."

"అవునండి."

"ఇవాళైనా అందామనే లేచాను. నోరు రాలేదు."

మైకు ఆపేసి అప్పటికి చాలాసేపయింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టాను.

ఇప్పుడు ఆయనా లేరు, మా రత్తమ్మా లేదు. ఆ ఐసు ఫ్యాక్టరీలో ఆ మాటలు విన్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. నేను ఆ కొండని చూడలేదు, ఆవిడ చెప్పగా విన్నాను, కాబట్టి విన్నది విన్నట్టే రాస్తున్నాను. కిలిమంజారో కొసన తెల్లవారగా చూసింది సువర్చలమ్మ గారు. ఆవిడే స్వయంగా, నా మైకులోనే, కాదన్నారు. అయినా ఆవిడే.