జామ చీజ్‌లో సగం వాటా

మెట్టుగూడలో నా అంత తెలివిగా నష్టపోయినవాడు ఇంకొకడుంటే తీసుకురండి, చూస్తాను. చేయి విరిగిన పెద్దావిడతో ప్రహరీ గోడ మీద నుంచి బేరమాడి, ఆమె ఇస్తానన్నది కాదని అంతకంటే పెద్ద వాటా ఒప్పించుకుని, ఆ సంతోషంలో రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నవాణ్ని నేను.

మా నాన్నది కిరాణా దుకాణం. ఇప్పుడది నాది. చిన్నాన్నది గాజుల కొట్టు, మేనమామది ఇనుప సామాన్ల కొట్టు. మా ఇళ్ళలో పిల్లలు అమ్మా అనకముందే ‘జెర తగ్గించు’ అంటారని మా ఆవిడ ఎద్దేవా చేస్తుంది. తనది ఉద్యోగస్తుల ఇల్లు. చెప్పిన ధర ఇచ్చేసి, పైగా థాంక్స్ కూడా చెప్పి వచ్చే జాతి.

పక్కింటి ఆంటీ రిటైరైన టీచరు. గుంటూరు వైపు నుంచి పెళ్ళయి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆమె పెరట్లో ఒక జామచెట్టు ఉంది, లోపల గులాబీరంగు ఉండే రకం. ఏటా డిసెంబరులో ఆ పండ్లతో జామ చీజ్ చేస్తుంది. పేరుకే చీజ్, పాలచుక్క ఉండదు. పండ్ల గుజ్జులో పంచదార, నిమ్మరసం వేసి, ఎర్రగా దగ్గరపడేదాకా కలుపుతూ ఉడికించి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి ముక్కలు కోయాలి. క్రిస్మస్‌కి ముందు చర్చి నుంచి క్యారల్స్ పాడేవాళ్ళు గిటారుతో ఇల్లిల్లూ తిరుగుతూ ఆమె వాకిట్లోకి వస్తారు. పాటయ్యాక ఆ ముక్కలే పెడుతుంది.

మొన్న డిసెంబరులో ఆమె బాత్రూంలో జారిపడింది. కుడి మణికట్టుకు సిమెంటు కట్టు. గోడ దగ్గరికొచ్చి నిలబడింది.

“క్యారల్స్ వాళ్ళకి ఈసారి కేకు కొనిపెట్టేయమంటున్నారు బాబూ అందరూ. కొన్నది పెట్టడానికైతే వాళ్ళు మా ఇంటికే ఎందుకు రావాలి? ఈసారి కుదరకపోతే ఇక మీదట రావద్దని చెప్పేస్తాను. ముసలిదాన్నయ్యాను, ఒప్పుకోవాలి కదా.”

“గిట్ల మాట్లాడతరేంది ఆంటీ?”

“నువ్వు కలిపిపెట్టు. చెట్టు కాయల్లో సగం నీవే.”

జాలిపడాల్సిన చోట నాకు లెక్క తోచింది. “కాయలు నేనేం చేసుకోను ఆంటీ? తయారైన మాల్‌ల సగం ఇయ్యండి.”

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, “సరే” అంది.

అడగ్గానే ఒప్పుకునేవాడిని చూస్తే భయపడాలని మా నాన్న చెప్పేవాడు. నేను మురిసిపోయాను. పండ్లు ఆమెవి, పంచదార ఆమెది, గ్యాస్ ఆమెది. నాది చెయ్యి ఒక్కటే.

“ఆంటీతోని సుత బేరమా? జెర సిగ్గుండాలె మనిషికి,” అంది మా ఆవిడ.

“సిగ్గుల మార్జిన్ లేదు,” అన్నాను.

దుకాణం వదిలి రాగలిగే ఆదివారమే క్యారల్స్ వాళ్ళొచ్చే రోజు కూడా అయింది. పొద్దున మా ఆవిడ వెళ్ళి పండ్లు కోసి, ఉడికించి, గింజలు పోయేలా జల్లెడలో రుద్ది గుజ్జు తీసింది. మధ్యాహ్నం దుకాణంలోని తూకం మిషన్ చంకలో పెట్టుకుని నేను వెళ్ళాను.

“అదెందుకు బాబూ?”

“వాటా కాడ మాట రావద్దు కద ఆంటీ.”

ఆమె నవ్వింది. చర్చిలో పిల్లలకు పాట నేర్పాలట, గంటలో వస్తానంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, “గరిటెతో గిన్నె అడుగున గీత గియ్యి. గీసిన దారి మూసుకోకుండా నిలబడాలి. అంతదాకా దించకు,” అంది.

జామ గుజ్జు మర్యాదగా ఉడకదు. పైకి ఎగిరి చేతుల మీద పడుతుంది, పడి అంటుకుంటుంది. దాన్నైతే ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది: గిన్నెలో గుజ్జు దిగిపోతోంది. నిండుగా మొదలైనది ముప్పావుకు వచ్చింది, తర్వాత సగానికి. బెల్లం ఎండితే తూకం పోతుందని, వేసవి రాకముందే దిమ్మెలన్నీ అమ్మేసే ఇంట్లో పెరిగాను నేను. కళ్ళ ముందు నా వాటా ఆవిరై కిటికీలోంచి పోతుంటే చూస్తూ కలపడం నావల్ల కాలేదు. గీత గీశాను. దారి తెరుచుకుంది, మెల్లగా మూసుకుంది. మెల్లగానే కదా అనుకుని దించేశాను. పళ్ళేల్లో పోసి తూచాను. అంకె చూసి నాకే ముద్దొచ్చింది.

ఆంటీ వచ్చి, ఎడమచేత్తో ఒక పళ్ళెం కొంచెం వంచింది. నా సంపాదనంతా ఒక పక్కకు నడిచి వెళ్ళింది.

ఆమె పళ్ళేన్ని చూసింది, జిగట అంటిన తూకం మిషన్ని చూసింది. “దారి నిలబడిందా?”

“నిలబడ్డట్టే ఉండె ఆంటీ.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, “ఫోనిలా ఇవ్వు బాబూ, రావద్దని చెప్పేస్తాను,” అంది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

“ఫోన్ వద్దు. గిన్నె ఇయ్యండి,” అన్నాను.

మళ్ళీ పొయ్యి మీదికెక్కించాం. ఆమె ఎడమచేత్తో గిన్నె చెవి పట్టుకుంది, నేను కలిపాను. మా ఆవిడ వచ్చి నా చేతులకు తువ్వాలు చుట్టి, “ఎంత ఆవిరైంది, లెక్క రాస్తున్నవా?” అని అడిగింది. నేను మిషన్ వైపు చూడలేదు. చివరికి గరిటె వెనకాల స్టీలు అడుగు తళుక్కుమంది, దారి అలాగే ఉండిపోయింది. పోశాం. చేయి పెడితే కాలుతోంది, ఇంతలో గేటు దగ్గర గిటారు వినిపించింది.

చల్లారందే కత్తి దిగదు. పళ్ళేలు ఫ్యాను కిందికి చేర్చాం. ఆంటీ పట్టంచు చీర సర్దుకుని వాకిట్లోకి వెళ్ళింది. రెండు పాటలు పాడి వాళ్ళు ఆగారు.

“అయిపోయిందా? రెండు పాటలకే చీజ్ పెట్టేస్తాననుకున్నారా? ఇంకోటి.”

పాడారు.

“అది చిన్నది, లెక్కలోకి రాదు. పెద్దది పాడండి.”

“ఆంటీ, ఇంకా మస్తు ఇండ్లున్నయ్!” గిటారు కుర్రాడు మొత్తుకున్నాడు.

“అయితే తొందరగా మొదలుపెట్టు నాన్నా.”

వంటింట్లో మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుట్టినప్పటి నుంచి గల్లాపెట్టె పక్కనే ఉన్నాను గానీ, సరుకు సిద్ధం కాకముందే ధర ఇంతగా పెంచుకుంటూ పోయిన వర్తకం నేను చూడలేదు. అయిదో పాట చివర్లో కత్తి దింపాను. ముక్క ముక్కగా నిలబడింది.

పళ్ళేలు దాదాపు ఖాళీ చేసి వాళ్ళు వెళ్తుంటే, “వచ్చే ఏడు ఆలస్యం చెయ్యకండి,” అంది ఆంటీ. తర్వాత మిగిలిన ముక్కలు రెండు భాగాలు చేసి, నా సగం స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. మాటంటే మాట.

ఇక లెక్క. ఖర్చు: ఒక ఆదివారం, ఒక చొక్కా, మోచేతి దాకా బొబ్బలు, వాటికి మందు, గుజ్జు లోపలికి దిగిన తూకం మిషన్‌కి రిపేరు. రాబడి: ఇంటికొచ్చి వంటింటి తక్కెడలో తూచాను, నాలుగు వందల గ్రాములు. డబ్బా తీసేసి తూస్తే నూట ఇరవై. అందులో మా ఆవిడ తిన్నది వంద. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కాబట్టి అందులో పోసిచ్చిన పావుకిలో జీడిపప్పు, మొదటి రకం, కొన్న ధరకే ఖర్చులో రాసుకున్నాను.